చిన్నమ్మ చేతి బోణీ

దయ్యాలు, ఆత్మలు, శకునాలు, వీటిలో దేనిమీదా నాకు ఏనాడూ నమ్మకం లేదు. నమ్మేవాళ్లను చూస్తే జాలి కూడా వేయదు, విసుగొస్తుంది. సూరత్‌లోని ఖటోదరాలో మా బావ మగ్గాల షెడ్డులో ఒక మూల మగ్గం ఉంది. కరెంటు లేకపోయినా అది చప్పుడు చేస్తుందని పనివాళ్లు చెప్పుకునేవాళ్లు. ఒకరోజు మా షెడ్డులో కరెంటు పోయినప్పుడు నేనే వెళ్లి ఆ మూల నిలబడి విన్నాను. పక్క షెడ్డుకు లైను వేరు, వాళ్ల మగ్గాలు నడుస్తున్నాయి, ఆ చప్పుడు గోడలోంచి వస్తోంది. అంతే. ఈ సంగతి చెబితే ఎవరికీ నచ్చలేదు. కథ పాడుచేశానన్నట్టు చూశారు.

ఇదంతా ముందే చెప్పడానికి కారణం ఉంది. కింద రాసింది చదివాక నేనూ ఆ బాపతే అనుకుంటారు. అనుకుంటే అనుకోండి. నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను. దాని అర్థమేమిటని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

నేను పుట్టి పెరిగింది సూరత్‌లోనే. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మాకు ఇంట్లో తెలుగు, బడిలో గుజరాతీ, వీధిలో హిందీ. కంప్యూటర్ చదువు అయ్యాక అడాజన్‌లో ఒక చిన్న కంపెనీలో కొన్నేళ్లు పనిచేశాను. ఇతర వ్యాపారాల తరఫున ఈమెయిళ్లు పంపడం ఆ కంపెనీ పని. పంపడం ఎవరైనా పంపుతారు. అవి స్పామ్‌లో పడి చావకుండా, మనిషి చూసే చోట పడేలా చేయడం కష్టం. నా ఉద్యోగం అదే.

తర్వాత అక్క పిలిస్తే ఆమె వ్యాపారంలోకి వచ్చేశాను. బావ మగ్గాలు నడుపుతాడు, అక్క ఆ షెడ్డు పైగదిలో కూర్చుని చీరలు అమ్ముతుంది. కొనేవాళ్లలో ఎక్కువమంది తెలంగాణ ఊళ్లలో ఇంట్లోనే చీరలు పెట్టుకుని అమ్ముకునే ఆడవాళ్లు. కొత్త రకాలు రాగానే వాటి ఫొటోలు వాళ్లకు మెయిల్‌లో పోతాయి. ఆర్డర్ పెడితే బిల్లు, పార్సిల్ ఎప్పుడు వస్తుందన్న కబురు కూడా మెయిల్‌లోనే. మొదట్లో ఫోన్‌లో మెసేజీలు పంపేది. ఎవరి ఆర్డర్ ఏదో కలగాపులగమై అక్కకు తల ప్రాణం తోకకొచ్చింది. అందుకే మెయిల్ పెట్టించాను.

పోయిన పెళ్లిళ్ల సీజన్‌కు ముందు ఆ మెయిళ్లు స్పామ్‌లో పడటం మొదలైంది. ముందు ఫొటోలవి పడ్డాయి, తర్వాత బిల్లులవి కూడా. పార్సిల్ వచ్చే సంగతి తెలియక ఇంట్లో ఎవరూ ఉండేవాళ్లు కాదు, పార్సిల్ తిరిగి సూరత్‌కు వచ్చేది. కొన్నవాళ్లు ఫోన్ చేసి అక్కను నానా మాటలు అనేవాళ్లు. పాత ఖాతాదారులు ఒక్కొక్కరే జారిపోయారు.

బావ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒకరోజు అన్నం తింటూ అన్నాడు: "ఈ సీజన్ గుడ గిట్లనే పోతే షెడ్డు ఖాళీ చేసుడే. మల్ల ఎవ్వని షెడ్డులనో కూలికి మగ్గం నడుపుడే."

అక్క కంచంలో చెయ్యి కడిగేసుకుంది. నన్ను చూడలేదు కానీ ఆ మాట నాకే తగిలింది. ఎందుకంటే మెయిళ్ల పని నాది.

తప్పు ఎక్కడుందో నాకు తెలుసు. ఐపీ అడ్రస్ అంటే మెయిల్ బయలుదేరే ఇంటి నంబరు అనుకోండి. చవగ్గా వస్తుందని మేము వాడింది అందరూ పంచుకునే నంబరు. మాతోపాటు ఇంకెవరెవరో అక్కడి నుంచే పంపుతారు. వరసగదుల చాల్‌లో ఒక గదిలో దొంగ దొరికితే పోలీసులు అన్ని గదుల తలుపులూ కొడతారు కదా, అలా వాళ్లలో ఎవరో చేసిన చెత్తపనికి మాకూ చెడ్డపేరు వచ్చింది. రెండో తప్పు నాదే. ఫొటోల మెయిళ్లు, బిల్లుల మెయిళ్లు ఒకే పేరు మీద పంపాను. ఫొటోలకు వచ్చిన చెడ్డపేరు బిల్లులకూ అంటుకుంది.

దీనికి మందు ఉంది. మా ఒక్కరికే ఉండే ప్రత్యేక ఐపీ అడ్రస్ తీసుకున్నాను. దుకాణం పేరు కిందే రెండు చిన్న పేర్లు పెట్టాను. వాటిని సబ్‌డొమైన్ అంటారు. బిల్లులకు 'బిల్లు', రోజూ పోయే ఫొటోలకు 'కబురు'. ఇల్లు ఒకటే, తలుపులు రెండు. ఒకదాని పేరు చెడినా రెండోది బతుకుతుంది.

అయితే కొత్త ఐపీకి మంచిపేరూ ఉండదు, చెడ్డపేరూ ఉండదు. మొదటిరోజే వేలకొద్దీ పంపితే అవతలి మెయిల్ కంపెనీలు అనుమానంతో మొత్తం ఆపేస్తాయి. కొద్దిమందితో మొదలుపెట్టి, రోజురోజుకూ పెంచుకుంటూ పోవాలి. మధ్యలో ఆపకూడదు. దీన్ని వార్మప్ అంటారు. ఆ మొదటి కొద్దిమంది తప్పకుండా మెయిల్ తెరిచి చూసేవాళ్లు అయి ఉండాలి, వీలైతే జవాబు ఇచ్చేవాళ్లు. వాళ్లవల్లే పేరు వస్తుంది.

ఇదంతా చెబితే అక్కకు అర్థమైంది ఒక్కటే. "అంటే బోణీ అన్నట్టు" అంది. "ఐతే ఫస్ట్ చిన్నమ్మకే పోవాలె."

చిన్నమ్మ గురించి చెప్పాలి. మా అమ్మ చెల్లెలు. భర్త పోయాక మా షెడ్డులోనే చీరలు మడతపెట్టే పని చేసేది. కొడుకు నరేశ్ పాండేసరలో అద్దకం మిల్లులో పని. ఆమె చెయ్యి బోణీకి మంచిదని మావాళ్లందరికీ గట్టి నమ్మకం. పొద్దున షెడ్డుకు రాగానే ముందు పైకి వచ్చి అక్క చేతిలో డబ్బులు పెట్టి ఒక జాకెట్టు ముక్క కొనేది. అక్క ఆ డబ్బులు కళ్లకు అద్దుకునేది. సాయంత్రం పోతూ పోతూ చిన్నమ్మ ఆ ముక్క తిరిగి ఇచ్చి డబ్బులు తీసుకుని పోయేది. మర్నాడు మళ్లీ అదే ముక్క. ఆకుపచ్చది, అంచుకు జరీ. ఒక్క జాకెట్టు ముక్క మీద ఇంత వ్యాపారం చేసిన దుకాణం ఇండియాలో ఇంకోటి లేదని నేను ఎగతాళి చేసేదాన్ని. చిన్నమ్మ కూడా నవ్వేది, కానీ కొనడం మానలేదు.

అక్క ఇంకో షరతు పెట్టింది. "చిన్నమ్మకు ముట్టినంకనే మిగిలినోళ్లకు పోవాలె. గట్ల చెయ్యొస్తదా, రాదా?"

"వస్తది. గని గట్ల ఎవ్వరు చెయ్యరక్కా."

"ఎవ్వరు చెయ్యకపోతే మనకేంది? మన దుకాణం మనది."

ఇది పిచ్చిపని అని నాకు తెలుసు. పోవాల్సిన మెయిళ్ల క్యూ మొత్తాన్ని ఒక్క అడ్రస్‌కు కట్టేయడం. అవతలి మెయిల్ కంపెనీ సర్వర్ నుంచి చిన్నమ్మ మెయిల్ 'తీసుకున్నాం' అని జవాబు వస్తేనే మిగతావి కదిలేలా ప్రోగ్రాం రాయాలి. ఆ ఒక్కటి ఆగితే అన్నీ ఆగుతాయి. కానీ ఆ రోజుల్లో అక్క ముఖం చూసి కాదనలేకపోయాను. రాసి ఇచ్చాను.

చిన్నమ్మకు నరేశ్ కొనిచ్చిన ఫోన్ ఉంది. అందులో ఆమె పేరు మీద ఒక మెయిల్ అడ్రస్ కూడా ఉంది, అది ఉన్నట్టు ఆమెకే తెలియదు. నేను చూపిస్తే బెదిరిపోయింది.

"నాకెందుకే బిడ్డా గీ లొల్లి? కండ్లు సక్కగ ఆనయి, అచ్చరాలు ఒత్తరాదు."

"ఒత్తుడు లేదు చిన్నమ్మా. గీ మైకు బొమ్మ మీద ఏలు పెట్టి మాట్లాడు. అదే రాసుకుంటది."

"ఏమని మాట్లాడాలె?"

"అందిందని చెప్పు చాలు."

అంతే. మర్నాటి నుంచి పొద్దున్నే ఆమె దగ్గర్నుంచి జవాబు వచ్చేది. ఒకటే మాట, 'అందింది'. కొన్నిసార్లు మైకు ఇంకా నడుస్తుండగా నరేశ్‌ను తిట్టిన తిట్లు కూడా అందులో రాసుకుని వచ్చేవి. అక్క వాటిని చదివి పడీపడీ నవ్వేది. మెయిళ్లు మాత్రం చక్కగా ఇన్‌బాక్స్‌లో పడుతున్నాయి. నేను సంఖ్య పెంచుకుంటూ పోయాను. పాత ఖాతాదారులు ఒకరిద్దరు తిరిగి వచ్చారు. అక్కకు నిద్ర పట్టడం మొదలైంది.

వార్మప్ సగంలో ఉండగా చిన్నమ్మ పోయింది.

పొద్దున నరేశ్‌కు డబ్బా కట్టి ఇచ్చి మిల్లుకు పంపింది. పండగకని దాచిపెట్టుకున్న బట్టల మూట ఏదో దించుతూ పడిపోయింది. పక్కింటావిడ ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతుంటే కాసేపు మాట్లాడింది. నరేశ్‌కు ఫోన్ చేయమని అడిగింది. చేశారు, మోగింది. మిల్లులో షిఫ్టుకు పోయేవాళ్ల ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో పెట్టించుకుంటారు. నరేశ్ వచ్చేసరికి అయిపోయింది.

తీసుకుపోయేముందు అక్క పైగదికి వెళ్లి ఆ ఆకుపచ్చ జాకెట్టు ముక్క తెచ్చి ఆమె మీద కప్పింది. నేను నాస్తికురాలిని, ఏడవనని అనుకున్నాను. అది చూసి ఏడ్చాను.

తర్వాత కొన్నాళ్లు దుకాణం మూసే ఉంది. అందరం నరేశ్ వాళ్ల ఇంట్లోనే. లాప్‌టాప్ తెరవలేదు. నిజం చెప్పాలంటే మెయిళ్ల సంగతే నా మనసులో లేదు.

దినాల రోజు భోజనాలయ్యాక నరేశ్ నా పక్కన కూర్చున్నాడు. చేతిలో చిన్నమ్మ ఫోన్ ఉంది.

"దీంట్ల అమ్మ ఫొటోలు, అమ్మ మాటలు జూస్తె పానం ఆగలేదక్కా. గా రోజు రాత్రే మొత్తం సాఫ్ జేసిన. అకౌంట్ గుడ తీసేసిన. ఇప్పుడనిపిస్తున్నది, తీయకపోతుంటి అని."

అతన్ని ఓదార్చాల్సింది. నేను ఓదార్చలేదు. అకౌంట్ లేకపోతే చిన్నమ్మకు పోయే మెయిల్ తిరిగి వస్తుంది. అది తిరిగి వస్తే నా ప్రోగ్రాం ప్రకారం మిగతావాటిలో ఒక్కటి కూడా కదలదు. అంటే ఆమె పోయిన మర్నాటి నుంచి మెయిళ్లన్నీ ఆగిపోయాయి. వార్మప్ మధ్యలో ఇన్నాళ్లు ఆగిందంటే మళ్లీ మొదటికి రావాలి, సీజన్ అంతవరకూ ఆగదు. బావ అన్న మాట గుర్తొచ్చింది. దినాల రోజు అని కూడా చూడకుండా ఇంటికి పరుగెత్తాను.

లాప్‌టాప్ తెరిచి లాగ్ చూశాను. ఏ మెయిల్ ఎప్పుడు పోయింది, అవతలివాళ్లు ఏమన్నారు అన్నది అందులో ఉంటుంది.

ఒక్కరోజు కూడా ఆగలేదు. ఫొటోలు ముందే నింపి పెట్టాను కాబట్టి రోజూ పొద్దున్నే అనుకున్న సంఖ్యలో పోయాయి. ప్రతిరోజూ మొదటి వరుసలో చిన్నమ్మ అడ్రస్. దాని పక్కన అవతలి సర్వర్ ఇచ్చిన జవాబు: తీసుకున్నాం.

మొదట నాకు భయం వేయలేదు, హాయి అనిపించింది. అకౌంట్ తీసేయడం నరేశ్‌కు సరిగా రాలేదు, పేరుకు ఇంకా ఉండి ఉంటుంది అనుకున్నాను. చూద్దామని నా సొంత మెయిల్ నుంచి చిన్నమ్మకు ఒకటి పంపాను. వెంటనే తిరిగి వచ్చింది. ఆ అడ్రస్‌తో ఎవరూ లేరు అని.

మా పాత, అందరూ పంచుకునే ఐపీ నుంచి పంపి చూశాను. తిరిగి వచ్చింది. 'బిల్లు' తలుపు నుంచి పంపాను. 'కబురు'కూ దానికీ కొత్త ఐపీ ఒకటే, పేరు మాత్రమే వేరు. అదీ తిరిగి వచ్చింది. 'కబురు' నుంచి పంపాను. తీసుకున్నాం అంది.

ఒకవేళ 'కబురు' నుంచి పోయేవాటికి ఏ అడ్రస్ రాసినా తీసుకుంటున్నారేమో అనుకుని, లేని పేర్లు నాలుగైదు నేనే కల్పించి పంపాను. అన్నీ తిరిగి వచ్చాయి. పోయినవాళ్ల అడ్రస్ ఇంకెవరైనా తీసుకున్నారా అంటే, ఆ కంపెనీ ఒకసారి తీసేసిన అడ్రస్‌ను మళ్లీ ఎవరికీ ఇవ్వదు. అది నాకు ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచి తెలుసు. 'అందింది' అనే జవాబు మాత్రం ఆ తర్వాత ఒక్కసారి కూడా రాలేదు. అదీ చెప్పాలి.

నా కళ్లను నేను నమ్మలేక అడాజన్ వెళ్లి నా పాత ఆఫీసులో హేతల్‌ను కలిశాను. మెయిళ్ల విషయంలో నాకన్నా పెద్ద బుర్ర. గుజరాతీ అమ్మాయి, మూఢనమ్మకాలంటే నాకంటే ఎక్కువ మంట. ఎవరి అడ్రస్ అన్నది చెప్పకుండా లాగ్ చూపించాను. టీ చల్లారిపోయేదాకా చూసింది. నేను చేసిన పరీక్షలన్నీ మళ్లీ తను చేసింది. నాకు వచ్చిందే వచ్చింది.

"కోయీ తో లే రహా హై" అంది చివరికి. ఎవరో అయితే తీసుకుంటున్నారు.

అప్పుడు చెప్పాను, ఎవరిదో. హేతల్ లాప్‌టాప్ మూసేసింది. ఎక్కడో పాత రికార్డు మిగిలిపోయి ఉంటుందని, కొన్నాళ్లకు అదే పోతుందని, ఈలోగా ఆ అడ్రస్ తీసేయమని చెప్పింది. అది సరైన సలహా. మనుషులు లేని అడ్రస్‌లకు పంపుతూ పోతే ఐపీ పేరు చెడుతుంది. మా పనిలో మొదట నేర్చుకునే పాఠం అదే.

తీసేశాను. మొదటి చోట అక్క అడ్రస్ పెట్టాను. అక్కకు చెప్పలేదు. ఆరోజు పెళ్లి చీరల మొదటి విడత ఫొటోలు పోవాలి, సీజన్ అంతా దానిమీదే ఆధారపడి ఉంది.

అక్కది తీసుకున్నారు. ఆ తర్వాత ఒక్కటి కదల్లేదు. అవతలి నుంచి ఒకటే జవాబు, ఇప్పుడు కాదు, తర్వాత పంపండి అని. మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ అదే. మధ్యాహ్నానికి అక్క మెట్లెక్కి వచ్చింది. ఆమె ఫోన్ పొద్దుటి నుంచి మోగలేదు.

"ఇయ్యాల బోణీ ఎవరు చేసిన్రు?"

దాచి లాభం లేదు. "నువ్వే" అన్నాను.

"నా చెయ్యి సంగతి నాకెర్క లేదా? నేను బోణీ చేస్తే దుకాణంల ఈగలు తోలుకోవాలె." తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. "చిన్నమ్మ పేరు మల్ల పెట్టవే చెల్లె. నువ్వు నమ్మకు. పెట్టు, అంతే."

దినాల రోజు నుంచి నేను చూసిందంతా అప్పుడు ఆమెకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. దానికే నాకు ఒళ్లు మండింది. చిన్నమ్మ అడ్రస్ తిరిగి మొదటి చోట పెట్టాను. అయితే ఈసారి మిగతావాటిని దానికి కట్టేయలేదు. అది పోయినా పోకపోయినా మిగతావి వాటి దారిన పోయేలా రాశాను. అంతమాత్రం బుద్ధి మిగిలే ఉంది.

చిన్నమ్మది తీసుకున్నారు. వెనకే మిగతావీ కదిలాయి. సాయంత్రానికి అక్క ఫోన్ కింద పెట్టే తీరిక లేదు.

దీనికి మాత్రం నా దగ్గర వివరణ ఉంది. 'తర్వాత పంపండి' అన్నది తాత్కాలికమైన జవాబు, కొన్ని గంటల్లో అదే సర్దుకుంటుంది. చిన్నమ్మ పేరు పెట్టకపోయినా ఆ సమయానికి కదిలేవే. అక్కకు ఈ మాట చెప్పలేదు, అంతే.

నరేశ్‌కు అక్క చెప్పింది. చెప్పవద్దన్నాను, వినలేదు. రెండు మూడు రోజులకు అతను షిఫ్టు దిగి నేరుగా షెడ్డుకు వచ్చాడు. చేతులకు రంగు ఇంకా అలాగే ఉంది. కింద మగ్గాలు నడుస్తుంటే పైగదిలో కూడా గట్టిగా మాట్లాడాలి. అతను మాత్రం మెల్లగా అడిగాడు.

"అక్కా, గా మెయిల్ల నాది జర ఒక మాట రాస్తవా?"

"తమ్మీ, అదేదో మిషన్ల గడబిడ. చిన్నమ్మ లేదు అక్కడ."

"నాకెర్కేనక్కా. గని రాయి."

అతను చెబుతుంటే టైపు చేశాను. ఒక్క మాట మార్చలేదు.

"అమ్మా, గా రోజు ఫోన్ గేటుకాడ పెట్టెల ఉండె. నువ్వు జేసినవని నాకు తెల్వలే. తెలిస్తే ఉరుకొస్తుంటి. నువ్వు కట్టిన డబ్బా మొత్తం తిన్న. బెండకాయ కూర మంచిగుండె."

ఆ కూర తింటున్నప్పుడే ఫోన్ మోగిందట. ఆ లెక్క అతను మనసులో ఎన్నిసార్లు వేసుకున్నాడో. అప్పటినుంచి అతను బెండకాయ ముట్టడం లేదు.

'కబురు' నుంచి ఆ ఒక్క అడ్రస్‌కే పంపాను. ఇద్దరం తెర వైపే చూశాం. తీసుకున్నాం అని వచ్చింది.

"ముట్టిందా?" అన్నాడు.

ముట్టిందని ఎలా చెప్పను? నాకు తెలిసింది ఒక్కటే. "తిరిగి రాలే" అన్నాను. అతనికి అది చాలు. చేతులు కడుక్కోకుండానే, ఆ రంగు చేతులతోనే కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు వార్మప్ ఆఖరిరోజు. అంటే ఆ పొద్దున మొదటిసారి మా ఖాతాదారులందరికీ ఒకేసారి పంపాలి. అది సరిగ్గా పోతే ఐపీకి పేరు నిలబడినట్టే, ఇక దాన్ని చంటిపిల్లలా సాకాల్సిన పని ఉండదు. అక్క దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి నా వెనక నిలబడింది. బావ కూడా మగ్గాలు వదిలేసి పైకి వచ్చాడు.

పంపాను. మొదటి వరుసలో చిన్నమ్మ అడ్రస్. అవతలి నుంచి జవాబు వచ్చింది: ఆ అడ్రస్‌తో ఎవరూ లేరు.

మిగతావి పోతూనే ఉన్నాయి. ఒకటి తర్వాత ఒకటి, తీసుకున్నాం, తీసుకున్నాం అని. స్పామ్‌లో పడ్డాయా అని నేను వేర్వేరు మెయిళ్లలో చూశాను, లేదు. అక్క ఫోన్ మోగడం మొదలైంది. బావ కిందికి వెళ్లాడు. కాసేపటికి, చాలా రోజులుగా ఆపి ఉంచిన మగ్గాలు కూడా నడుస్తున్న చప్పుడు వినిపించింది.

అక్క మాత్రం మొదటి వరుస వైపే చూస్తూ ఉంది. "అచ్చా" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని ఫోన్ ఎత్తింది.

ఆ తర్వాత 'కబురు' నుంచి చాలాసార్లు పంపి చూశాను. ప్రతిసారీ తిరిగి వచ్చింది. హేతల్ చెప్పినట్టు ఎక్కడో మిగిలిన పాత రికార్డు ఆరోజుతో పోయి ఉండొచ్చు. కానీ పాత రికార్డు మిగిలితే అందరికీ మిగలాలి, మా ఒక్క తలుపుకే ఎందుకు మిగిలింది అంటే హేతల్ దగ్గరా జవాబు లేదు. సరిగ్గా ఆ పొద్దునే ఎందుకు పోయింది అంటే ఇద్దరి దగ్గరా లేదు. ఎక్కడైనా ఎవరైనా నాకు దీన్ని విడమరచి చెబితే వినడానికి సిద్ధంగా ఉన్నాను. ఇప్పటికీ నాకు దయ్యాల మీద నమ్మకం లేదు.

షెడ్డు ఉంది. చిన్నమ్మ అడ్రస్ పద్ధతి ప్రకారం తీసేశాను. ఈసారి అక్క అడ్డు చెప్పలేదు.

నరేశ్ షిఫ్టు లేని రోజు వస్తూ ఉంటాడు. కాసేపు కూర్చుని, పోయేముందు గుమ్మంలో ఆగి అడుగుతాడు.

"అక్కా, నేను రాయించిన గా మెయిల్ తిరిగి వచ్చిందా?"

లాగ్ తెరిచి చూస్తాను. ప్రతిసారీ చూసే చెబుతాను.

"లేదు తమ్మీ, రాలే."